పచ్చతిప్ప మీద ఆఖరి చాలు

ఉప్పుగోనెలు మోస్తున్న ఎద్దును అదిలించుకుంటూ సరిహద్దు మిట్ట ఎక్కిన వసుకీర్తి, అవతలి వాలు కంటబడగానే అడుగు ముందుకు వెయ్యలేక నిలబడిపోయాడు.

చిన్నతనంలో తండ్రి వెంట వేటకు వచ్చినప్పుడు తాను చూసిన పసిడిబయలు ఇది కాదు. ఆనాడు కంటిచూపు ఆనినంత మేరా గడ్డే. మొలలోతు రెల్లు, మోకాటిలోతు చెంగలి, వాటి అడుగున చాపలా అల్లుకుపోయిన గరిక. గాలి వీచినప్పుడల్లా గడ్డివెన్నుల మీద వెలుగు ఈ దిక్కు నుంచి ఆ దిక్కుకు పరుగులు తీసేది. కార్తె మారితే చాలు, ఆకుపచ్చ కోక విడిచి బంగారు కోక చుట్టుకునేది ఆ నేల. జింకల మందలు గడ్డిలో మునిగి తేలేవి. బట్టమేక పిట్టలు తలలెత్తుకుని, పట్టపురాణుల్లా తీరిగ్గా నడిచేవి.

ఇప్పుడు అక్కడ ఇసుక తప్ప ఏమీ లేదు. కొండచిలువలు పక్కపక్కనే పడుకున్నట్టు ఇసుకమేటలు, మేటల నడుమ ఎముకల గూడులా తేలిన పాత నాగటి చాళ్లు. గాలి సద్దుమణిగినా నేల మీద సన్నటి ఇసుక పొగలా పాకుతూనే ఉంది. పిట్ట కూత లేదు. పురుగు చప్పుడు లేదు.

వసుకీర్తి కనకావతి రాజ్యానికి యువరాజు. ఉప్పు అమ్ముకునే వాడి వేషంలో, ఒంటరిగా ఇంతదూరం రావడానికి కారణం ఒక జొన్నకంకి. కొన్నేళ్ల కిందట సారణి నది దారి మార్చుకుని నల్లరేగడి పల్లెల్ని పొట్టన పెట్టుకుంది. నిలువనీడ లేని కుటుంబాలు రాజధాని వీధుల్లో పడి ఏడుస్తుంటే, క్షేత్రానంద స్వామి అనే కాషాయధారి కొలువుకు వచ్చి, అంత గడ్డి మొలిచే నేలలో ఇంకెంత ధాన్యం పండుతుందో ఆలోచించమని మహారాజును అడిగాడు. మాట సబబుగానే తోచింది. నాగళ్లు పంచారు, ఎడ్లు పంచారు, పసిడిబయలు నిండా పల్లెలు కట్టించారు. ఏటేటా స్వామి బంగారంలాంటి జొన్నకంకులు తెచ్చి సింహాసనం ముందు పరిచేవాడు. ధాన్యం బండ్లు మాత్రం రానురాను తగ్గిపోయాయి. అడిగితే, జనం కడుపునిండా తింటున్నారు ప్రభూ అనేవాడు. ఈసారి కొలువులో వసుకీర్తి ఒక కంకిని అందుకుని పిడికిట దాచుకున్నాడు. దీపాలు పెట్టేవేళకు పిడికిలి విప్పితే అందులో ఉన్నది గుప్పెడు ఇసుక.

అతను ఎవరితోనూ చెప్పలేదు. ఉప్పుగోనెలో ఖడ్గం దాచి, రాజముద్రిక ఉంగరాన్ని మొలతాటికి కట్టుకుని బయలుదేరాడు.

మిట్ట దిగువన స్వామి కాపలావాళ్లు అడ్డుపడి, ఒక గోనె విప్పి కావలసినంత ఉప్పు తీసుకున్నారు. లోపలికి పోయేవాళ్లను తాము ఆపబోమనీ, బయటికి వచ్చేవాళ్ల సంగతే తాము చూసుకుంటామనీ చెప్పి నవ్వారు.

మొదట తగిలిన పల్లెకు స్వామి పెట్టిన పేరు నవధాన్యపురం. ఇళ్లు చూరుదాకా ఇసుకలో కూరుకుపోయాయి. కొందరు ఇంటికప్పు తొలిచి, ఆ కంతలోంచే లోపలికీ బయటికీ దిగుతున్నారు. ఒక గుమ్మం ముందు తల నెరిసిన రైతు చేటతో ఇసుక ఎత్తిపోస్తున్నాడు. అతను ఎత్తినంతా గాలి మళ్లీ తెచ్చి అక్కడే పోస్తోంది. అయినా అతను చేట ఆపలేదు. అతనే బొల్లినాయుడు. రేగడి పల్లెల్లో ఒకనాడు అతని నాగటి వెనక పదిమంది నడిచేవారు.

ఉప్పు కొనడానికి తన దగ్గర గింజ లేదని బొల్లినాయుడు ముందే చెప్పేశాడు. వసుకీర్తి తనకు గింజలేమీ వద్దని, గుక్కెడు నీళ్లిస్తే ఉప్పు ఊరికే ఇస్తానన్నాడు. ముసలాయన కోడలు చిలకమ్మ చంకన బిడ్డతో బయటికి వచ్చింది. బిడ్డ మొహాన తడిగుడ్డ కప్పి ఉంది. ఆమె కుండలోంచి చిప్పెడు నీళ్లు ముంచి, ఒక్క చుక్క తొణకకుండా తెచ్చి ఇచ్చింది. ఇచ్చాక ఆ చిప్పనే చూస్తూ నిలబడింది. వసుకీర్తి గొంతు తడుపుకుని మిగతావి బిడ్డకు పట్టమని తిరిగి ఇచ్చేశాడు.

బొల్లినాయుడి తలపాగా కొంగున చిన్న మూట వేలాడుతోంది. అవి ఆఖరి విత్తనాలని తెలిసి, ఈ ఇసుకలో విత్తడమంటే ఏట్లో పారేసినట్టే కదా అన్నాడు వసుకీర్తి. ముసలాయనకు కోపం రాలేదు. చేట పక్కన పెట్టి గోడకు చేరగిలబడ్డాడు.

"నీకెలా తెలుస్తుందిలే, ఉప్పువాడివి," అన్నాడు. "మొదటి యేడు నువ్వు వచ్చి చూడాల్సింది. జొన్న మనిషిని మించి పెరిగింది. దేవుడు ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇచ్చాడని పొంగిపోయాం. అది మేం పండించిన పంట కాదయ్యా. ఎన్ని తరాల నుంచో ఆ గడ్డివేళ్లు నేలలో కూడబెట్టిన సత్తువ అది. ఒక్క పంటకారులో తినేశాం."

తర్వాతి సంగతి అతను నెమ్మదిగా, తడుముకుంటూ చెప్పుకొచ్చాడు. రేగడిలో ఒక్క వాన కురిస్తే నెల్లాళ్లు పదును నిలిచేది. ఇక్కడ జల్లెడలో పోసినట్టే, పొద్దున కురిసిన వాన మాపటికి వేళ్లకు అందనంత లోతుకు జారిపోతుంది. బండ్లకొద్దీ పెంట తోలితే దాని సారమూ నీళ్లతోపాటే కిందికి పోయింది. కోతలయ్యాక నేల బోసిగా పడి ఉన్న రోజుల్లో గాలి మొదలైంది. ముందు మెత్తటి మన్ను లేచిపోయింది. పంటకు తిండిపెట్టేది ఆ జానెడు మన్నే. మిగిలిన గరుకు ఇసుకలో రెండో యేడు విత్తితే మొలకలు వచ్చాయి గాని, గాలికి లేచిన ఇసుక వాటిని కొడవలి పెట్టి కోసినట్టు మొదలంటా నరికింది. మూడో యేడు మొలకలే రాలేదు.

"గడ్డి ఊరికే మొలిచిందనుకున్నాం," అన్నాడు బొల్లినాయుడు. "ఇసుకను పట్టుకుని కూచున్నది ఆ గడ్డే. పట్టు మేం వదిలించాం."

మరి వెళ్లిపోరాదా అంటే, సరిహద్దు దాటబోయిన వాళ్ల తలలు మిట్ట మీద గుంజలకు వేలాడాయని చెప్పాడు. అతని కొడుకు తల కూడా వాటిలో ఉందని, అతను లోపలికి పోయాక చిలకమ్మ చెప్పింది.

ఇంతలో పల్లె మొగలో డప్పులు మోగాయి. భటుల నడుమ పల్లకీ, పల్లకీ వెనక నిండు బస్తాల బండ్లు వచ్చి ఆగాయి. క్షేత్రానంద స్వామి దిగాడు. ఆరడుగుల పొడవు, నున్నటి మొహం, తేనెలో ముంచి తీసినట్టున్న గొంతు. ఆయన నడిచిన చోట ఇసుకలో అడుగుజాడలు పడడం లేదని వసుకీర్తి గమనించాడు.

స్వామి పలికిన మాటల సారం ఇంతే. పసిడిబయలు మొత్తానికి నాగలి తాకని తావు పచ్చతిప్ప ఒక్కటే మిగిలింది. పొద్దు వాలేలోగా దాన్ని దున్నితే, దున్నిన ప్రతి ఇంటికీ ఒక ధాన్యం బస్తా. బస్తా అన్న మాట వినబడగానే ఇళ్లలోంచి, కప్పు కంతల్లోంచి, ఇసుకలోంచి పుట్టినట్టు మనుషులు లేచి వచ్చారు. ఎవరి కాళ్లూ నిలకడగా లేవు. నాగళ్లను భుజాలకెత్తుకోలేక ఈడ్చుకుంటూ కదిలారు. బొల్లినాయుడు కాసేపు నేల చూపులు చూశాడు. తర్వాత తన ఒంటెద్దును విప్పుకొచ్చాడు. దాని జోడు పోయిన వేసవిలోనే చచ్చిపోయింది. ఆడవాళ్లు ఇళ్లలో ఉన్న నీళ్లకుండలు ఎత్తుకుని వెంట నడిచారు, బిడ్డతో చిలకమ్మ కూడా.

ఉప్పు ఎద్దును తోలుకుంటూ బండ్ల వెనకే వెళ్లిన వసుకీర్తికి పచ్చతిప్పను చూసేసరికి కళ్లు చెమర్చాయి. ఆ ఇసుక సముద్రం నడుమ అదొక్కటీ మరకతపు పళ్లెం బోర్లించినట్టు మెరుస్తోంది. గరికకొసల మీద తూనీగలు, రెల్లుపూల మీద తెల్లటి నురగ, గడ్డిలో దాక్కుని కిచకిచలాడే కౌజుపిట్టలు. చచ్చిపోయిన లోకపు ప్రాణమంతా ఆ తిప్ప మీదికి వచ్చి తలదాచుకున్నట్టుంది. నడినెత్తిన, గొర్రెల మందను వెనక పెట్టుకుని ఒక ముసలమ్మ కర్రమీద ఆనుకుని నిలబడి ఉంది. కాపరుల పెద్ద కొమరక్క. మిగిలిన కాపరులంతా మేతలేక దేశాలు పట్టిపోయినా ఆమె కదలలేదు.

"ఈ తిప్ప మీద మా పెద్దలు పొయ్యిగుంట కూడా తవ్వనివ్వలేదు," అంది కొమరక్క, స్వామితో కాదు, నాగళ్లవాళ్లతో. "కింద తలుపుందని చెప్పేవాళ్లు. తలుపు వెనక ఏముందో నాకు తెలీదు బిడ్డా. దాని మీద గడ్డి ఎందుకు నాటారో మాత్రం తెలుసు. గాలికి తెరుచుకోకూడదని."

భటులు ఆమెను ఈడ్చి పక్కకు తోశారు. గొర్రెలు చెదిరిపోయాయి. జనం తలలు దించుకున్నారు గాని నాగళ్లు వదల్లేదు.

వసుకీర్తి ఇక ఆగలేదు. గోనెలోని ఖడ్గం లాగి, ఒక్క దూకున బండిమీదికెక్కి పై బస్తాను నిలువునా చీల్చాడు. అతను ఎదురుచూసినట్టే జలజలా ఇసుక రాలింది. అయితే ఆ ఇసుక జనం కంటికి జొన్నగా కనబడింది. వాళ్లు నాగళ్లు వదిలి, ఒకరి మీద ఒకరు పడి, ఒళ్లలోకి, కొంగుల్లోకి ఆ ఇసుకను ఎత్తుకోసాగారు. తమ నోటికాడి కూడు నేలపాలు చేశాడని కొందరు వసుకీర్తి మీదికి రాళ్లు విసిరారు. భటులు చుట్టుముట్టారు. అతను మొదటివాడి బల్లేన్ని తెగనరికి, రెండోవాణ్ణి కాలితో తన్ని బండి కిందికి దొర్లించి, స్వామికి ఎదురుగా దూకాడు. తానెవరో చెప్పడానికి నోరు తెరిచాడు.

స్వామి గుప్పెడు ఇసుక ఊదాడు.

ఆ ఇసుక వసుకీర్తి గొంతులో నిప్పులా దిగింది. అరిచాడు. అరుపు రాలేదు. నాలుక కదిలింది, పెదవులు కదిలాయి, శబ్దం మాత్రం ఎండిన బావిలో చేదలా ఖాళీగా తిరిగొచ్చింది. ఆ విభ్రాంతిలో వెనకనుంచి పడిన దెబ్బకు ఖడ్గం జారిపోయింది. భటులు అతన్ని బోర్లా పడేసి తొక్కిపట్టారు. స్వామి వంగి, చెవిలో చెప్పాడు.

"రాకుమారా, వేషం మార్చుకుంటే సరిపోదు, నడక కూడా మార్చుకోవాలి. మీ తాత ఊరూరా డప్పు వేయించి తరిమిన ఊషరనాథుణ్ణి నేను. ఈ తిప్ప కింద నా గురువు పోతపోసిన ఇత్తడి సేన నిద్రపోతోంది. నా మంత్రాలన్నీ కలిసినా ఆ గడ్డిలో ఒక్క పోచను పెకలించలేవు. ఆకలిగొన్నవాడి నాగలి పెకలిస్తుంది. అందుకే ఆకలిని పెంచి పోషించాను."

తర్వాత లేచి, ఉప్పువాడికి ఎండ నెత్తికెక్కిందని జనానికి చెప్పాడు. బొల్లినాయుడి కాడికి ఒక పక్కన ఎద్దు లేదు కదా, వీణ్ణి కట్టమన్నాడు.

కనకావతి యువరాజు మెడ మీద కాడి పెట్టి పలుపులు బిగించారు. పక్కన డొక్కలెండిన ఎద్దు రొప్పుతోంది. వెనక బొల్లినాయుడు నాగటి మేడి పట్టుకున్నాడు. కొరడా వీపుమీద పడింది. వసుకీర్తి కాళ్లు తన్నిపెట్టి కదలకుండా నిలబడ్డాడు. మళ్లీ కొరడా పడింది. మూడోసారి అది అతన్ని వదిలి చిలకమ్మ భుజం మీద పడింది. అతను నడిచాడు.

నాగటి కర్రు దిగగానే కాళ్ల కింద నేల చిరుగుతున్న చప్పుడు వచ్చింది. కొత్త కోరాబట్టను ఎవరో ఓపిగ్గా చింపుతున్నట్టు పటపటమని వేళ్లు తెగుతున్నాయి. ఆ తెగడం కాడి గుండా అతని మెడ ఎముకలకు తెలుస్తోంది. తిరగబడిన పెళ్లలో పైన జానెడు మందాన నల్లటి మన్ను, దాన్ని పట్టుకుని వేలాడే జడలజడల వేళ్లు, ఆ కింద పాలలాంటి తెల్లటి ఇసుక. అంతే. ఇంత పచ్చదనమూ ఆ జానెడు మందం మీద బతుకుతోంది. చాలు పక్కన చాలు పడుతోంది. కుడివైపునా ఎడమవైపునా నాగళ్లు బారులు తీరాయి. తవ్వినకొద్దీ తెల్లటి ఇసుక ఎండకు ఆరి, పొడిబారి, అప్పుడే కదలడం మొదలుపెట్టింది.

ఆఖరి చాలు సగం తిరిగేసరికి పడమటి ఆకాశం ఎర్రబడింది. అది పొద్దువాలే ఎరుపు కాదు. ఇటుక గోడ ఒకటి దిక్కుల మధ్య లేచి, నడుచుకుంటూ వస్తున్నట్టుంది. ఎడ్లు బెదిరి కాళ్లు ముడుచుకున్నాయి. కౌజులు ఒక్కసారిగా లేచి తూర్పుకు కొట్టుకుపోయాయి. ఆ వెంటనే గాలి వచ్చి తిప్పను పిడికిట పట్టింది.

అంతసేపూ అణగి ఉన్న ఇసుక లేచింది. బయలంతా లేచి మీద పడినట్టయింది. కళ్లు తెరిస్తే సూదులు, నోరు తెరిస్తే పిడచ. ఒళ్లలో మూట కట్టుకున్న జొన్నలు ఆ గాలిలో అసలు రూపుకు వచ్చి, వేళ్ల సందుల్లోంచి జారి ఎగిరిపోతుంటే, జనం వాటిని పట్టుకోబోయి, పట్టుకోలేక, తాము మోసపోయామని అప్పుడు తెలుసుకున్నారు. వాళ్ల నోట వచ్చిన ఏడుపును గాలి కూడా కప్పలేకపోయింది. భటులు పల్లకీ వదిలి పరుగెత్తారు. వాళ్లు పరుగెత్తిన దిక్కున ఒక మేట విరిగి పడడం కనిపించింది. మళ్లీ వాళ్లు కనిపించలేదు.

వసుకీర్తి మెడ మీది పలుపులు తెగాయి. చూస్తే బొల్లినాయుడు కొడవలితో వంగి ఉన్నాడు. ముసలాయన ఏదో అన్నాడు. తప్పు కాచమని కాబోలు, గాలిలో సగమే వినబడింది. వసుకీర్తి అతని భుజం పట్టుకుని, ఇంకా దున్నని సన్నటి గడ్డిపట్టీ ఒకటి మిగిలి ఉంటే అటు చూపించాడు. గాలి ఎంత పీకుతున్నా ఆ పట్టీ మీద ఇసుక కదలడం లేదు. కొమరక్క అప్పటికే అక్కడ బోర్లా పడుకుని, రెండు చేతులతో రెల్లు మొదళ్లు పట్టుకుని, తనలాగే చెయ్యమని కేకలు పెడుతోంది. వసుకీర్తి చిలకమ్మను, బిడ్డను ఈడ్చుకొచ్చి ఆమె పక్కన పడేశాడు. మళ్లీ వెళ్లాడు. చేతికి అందినవాళ్లనల్లా జుట్టు పట్టో చెయ్యి పట్టో తెచ్చాడు. కొందరు అందలేదు.

గాలి ఒక్క క్షణం ఊపిరి తీసుకున్నట్టు ఆగింది. ఆ క్షణంలో అందరూ చూశారు. దున్నిన మేరంతా ఇసుక కొట్టుకుపోయి గొయ్యి పడింది. గొయ్యి అడుగున ఏనుగు పట్టేంత నల్లరాతి తలుపు. దాని మీద చెక్కిన గడ్డిపోచలు నిజంగానే మొలిచినంత సన్నగా ఉన్నాయి. తలుపు పక్కన ఊషరనాథుడు నిలబడి ఉన్నాడు. కాషాయం ఎగిరిపోయి, బూడిదరంగు ఒంటితో, చేతిలో పచ్చటి మంట మండే కాగడాతో. అతను తలుపును మూడువేళ్లతో తట్టాడు. తలుపు లోపలికి తెరుచుకుంది. అతను దిగిపోయాడు.

ఆ వెంటనే అడుగున ఎక్కడో ఇత్తడి మీద ఇత్తడి మోగింది. నేల అదిరింది.

వసుకీర్తి గోతిలోకి జారి తలుపు అంచున మోకరిల్లాడు. బయటివైపు పట్టుకుందామంటే పిడి లేదు, గడియ లేదు. తలుపును పైకెత్తే గొలుసు లోపలివైపు కప్పు నుంచి వేలాడుతోంది. లోపలినుంచి లాగితేనే మూసుకుంటుంది. మూసినా అలాగే నిలిచి ఉండదు. ఇంతకాలం దాన్ని మూసి ఉంచింది రాయి కాదు, దాని మీది గడ్డి.

అతను పైకి పాకి, తిరగబడి ఉన్న ఒక గడ్డిపెళ్లను రెండు చేతులతో ఎత్తాడు. వేళ్లు కిందికి, పచ్చిక పైకి వచ్చేలా తిప్పి నేల మీద పెట్టాడు. కాలితో తొక్కాడు. తలుపు చూపించాడు. ఇంకో పెళ్ల ఎత్తాడు, తిప్పాడు, తొక్కాడు, తలుపు చూపించాడు. మాట లేని నోటితో ఏదో చెప్పబోయి తల కొట్టుకున్నాడు.

బొల్లినాయుడు చూస్తున్నాడు. జీవితమంతా పెళ్లలు తిరగేసినవాడు, తిరగేసిన పెళ్లను మళ్లీ తిప్పడమంటే ఏమిటో అతనికి విడమరిచి చెప్పనక్కర్లేదు. అయితే ఇంకో సంగతి కూడా అతనికి అర్థమైంది.

"ఆ గొలుసు లాగేవాడు లోపలుండాలి కదయ్యా," అన్నాడు. "ఎవరు నువ్వు?"

వసుకీర్తి మొలతాటికి కట్టిన ఉంగరం తెంపి అతని అరచేతిలో పెట్టాడు. రాజముద్రిక మీది హంసను చూసి ముసలాయన దాన్ని కళ్లకద్దుకున్నాడు. రాజు కొడుకు మెడకు తాను కాడి కట్టి దున్నించానని అప్పుడు తెలిసింది. అతను ఏమైనా అనేలోపే వసుకీర్తి పక్కనే పడి ఉన్న నాగటి కర్రును ఊడబెరికి చేతబట్టి గోతిలోకి దూకాడు.

మెట్లు ఇరుకుగా, ఒక మనిషి పట్టేంత వెడల్పున ఉన్నాయి. అతను గొలుసును భుజానికి చుట్టి బలమంతా పెట్టి లాగాడు. రాయి మూలిగింది, కదిలింది, వెలుతురును సన్నటి గీత చేసి ఆగింది. ఆ గీతలోంచి పైన ఆకాశం, గాలి, కొమరక్క తెల్లజుట్టు కనిపించాయి. ఆమె గడ్డిపెళ్లను గుండెకు అదుముకుని బిడ్డను మోసినట్టు మోసుకొస్తోంది.

కింద పచ్చటి వెలుగు వెనక్కి తిరిగింది. ఊషరనాథుడి గొంతు మెట్ల గుండా పైకి వచ్చింది.

"మూర్ఖుడా, ఆ గడ్డి వేరు పట్టుకుంటే ఈ తలుపు నాకే కాదు, నీకూ తెరుచుకోదు."

వసుకీర్తి కర్రును ముందుకు చాచి మెట్టు మీద కాళ్లు ఎడం చేసి నిలబడ్డాడు. మలుపులో ముందు ఇత్తడి బల్లెం మొన కనిపించింది. తర్వాత ఇత్తడి చెయ్యి. తర్వాత కళ్లు లేని ఇత్తడి మొహం, దాని కీళ్లలోంచి తరాల నాటి ఇసుక బొటబొటా రాలుతోంది. అది ఒక మెట్టు ఎక్కింది. ఇంకో మెట్టు ఎక్కింది. అతను కర్రును దాని మోకాటి కీలులో దిగేసి మెలితిప్పాడు. కాలు ఊడి కిందికి దొర్లింది. ఆ బొమ్మ ఒరిగి, వెనకున్న దాని మీద పడింది. వెనకున్నది దాన్ని తొక్కుకుని ఎక్కింది. బల్లెం అతని భుజాన్ని గీసుకుపోయింది. అతను మళ్లీ కర్రు దిగేశాడు.

నెత్తిమీద దబదబమని చప్పుడు మొదలైంది. ఒక్కొక్క పెళ్లే పడుతోంది. పడిన పెళ్లను పాదాలు తొక్కుతున్నాయి. ముందు రెండు పాదాలు, తర్వాత పది, తర్వాత లెక్కలేనన్ని. దున్నేటప్పుడు కూడా వాళ్లు ఇంత బలంగా అడుగులు వెయ్యలేదు. వెలుతురు గీత సన్నబడింది. ఒక చోట దారమంత మిగిలింది.

ఆ దారంలోంచి బొల్లినాయుడి మాట వినబడింది. ఇసుకలో తడిలేని పెళ్ల నిలవదని, గాలి మళ్లీ పీకేస్తుందని ఎవరితోనో చెబుతున్నాడు. పాదాలన్నీ ఆగిపోయాయి. బిడ్డ ఏడ్చింది. తర్వాత చిలకమ్మ గొంతు, మెత్తగా, ఎవరినీ ఏమీ అడగకుండా అంది:

"కుండ ఇటు తెండి."

నీళ్లు పోస్తున్న చప్పుడు. ఒక కుండ, ఇంకో కుండ, ఇంకో ఇంటి కుండ. పల్లెలో మిగిలిన నీళ్లన్నీ.

మూడో ఇత్తడి భటుణ్ణి అడ్డుకుంటూ గోడకు నొక్కుకుపోయిన వసుకీర్తి నుదుటి మీద చల్లటి చుక్క ఒకటి పడింది. వెలుతురు పోయింది. నెత్తిమీద రాతిలో, చెక్కిన గడ్డిపోచల మేర, వేళ్లు రాయిని పట్టుకుంటున్న చిటపటలు వినిపించాయి. కింద ఊషరనాథుడు మొట్టమొదటిసారి కంగారుగా అరిచాడు. ఎక్కుతున్న ఇత్తడి సేన ఎక్కడిదక్కడ బిగుసుకుపోయింది. పచ్చటి కాగడా మెట్లు దిగి, పాతాళం వైపు పరుగెత్తింది.

అంటే అక్కడ ఇంకో దారి ఉంది.

వసుకీర్తి నుదుటి మీది చుక్కను అరచేత్తో తుడిచి నాలుకకు రాసుకున్నాడు. బిగుసుకున్న బొమ్మల భుజాల మీదుగా పాకి, ఆ వెలుగు వెంట చీకట్లోకి దిగాడు.